గోడ నుంచి కోసి తీసిన బొమ్మలు

ఇటలీలో నేపుల్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో, అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన రోమన్ పట్టణం పాంపేయి చిత్రాలున్న గదుల్లో తిరిగేవాళ్ళు చూసేది రోమన్ల చిత్రకళను మాత్రమే కాదు, పద్దెనిమిదో శతాబ్దపు రాజాస్థానం ఆ కళలోంచి తనకు నచ్చినంత ఏరుకున్న తీరును కూడా. 1738లో హెర్క్యులేనియంలోనూ, 1748లో పాంపేయిలోనూ తవ్వకాలు మొదలైనప్పుడు నేపుల్స్‌ను ఏలుతున్న బూర్బన్ వంశపు రాజు చార్లెస్ మనుషులు వెతికింది రాజుగారి సేకరణకు వన్నె తెచ్చే వస్తువుల కోసమే గాని, మట్టి కింద మునిగిన ఇళ్ళ కోసం కాదు. గోడ మధ్యలో దేవతలో, వీరులో, అందమైన స్త్రీలో ఉన్నంత మేర గారతో సహా కోసి తీసి, చుట్టూ చట్రం బిగించి, పోర్టిచిలోని రాజభవనానికి చేర్చారు. ఆ బొమ్మ చుట్టూ ఉన్న ఎర్రని, నల్లని రంగు పలకలు, సన్నని స్తంభాలు, పూలదండలు, పీఠం మీది చిన్న చిన్న పక్షులు చాలా చోట్ల కోతకు నోచుకోకుండా ఎండకూ వానకూ మిగిలిపోయాయి. పనికిరావని తోచిన చిత్రాలను గునపాలతో పాడుచేసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

రోమన్ చిత్రకళ అంటే గ్రీకుల బొమ్మలకు అరకొర నకలు అనే అభిప్రాయం చదువుకున్నవాళ్ళలో ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఆ చిన్నచూపులో పెద్ద భాగం ఈ కోత వల్లనే పుట్టిందని నా వాదన. రోమన్ ఇంటి చిత్రకారుడు పనిచేసింది బొమ్మ మీద కాదు, గది మీద. నాలుగు గోడలు, నేల, పైకప్పు, గుమ్మం నుంచి వచ్చే వెలుతురు, అక్కడ కూర్చునే మనిషి చూపు, ఇవన్నీ కలిసినదే అతని రచన. మన పౌరాణిక నాటకంలో ఒక్క పద్యాన్ని రికార్డు చేసి వింటే రాగం తెలుస్తుంది, గాయకుడి గొంతు తెలుస్తుంది, కాని ఎదుట నిలబడి ఆ పద్యానికి జవాబు చెప్పవలసిన పాత్ర మాత్రం వినబడదు. చట్రంలో బిగించిన పాంపేయి చిత్రం దగ్గర నాకు కలిగే అసంతృప్తి సరిగ్గా అటువంటిదే.

గోడ ఎలా తయారయ్యేదో తెలిస్తే ఈ మాట మరింత స్పష్టమవుతుంది. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దపు చివర రాసిన విట్రూవియస్ అనే వాస్తుశిల్పి, గోడకు మొదట గరుకు పూత వేసి, దాని మీద ఇసుక సున్నం మూడు పూతలు, ఆపైన పాలరాతి పొడి కలిపిన సున్నం మూడు పూతలు వేయాలని విధించాడు. పాంపేయి ఇళ్ళలో ఇన్ని పూతలు అరుదు. యజమానులు అన్ని కాలాల్లోనూ ఖర్చు తగ్గించుకునేవాళ్ళే. గార పచ్చిగా ఉండగానే నీళ్ళలో కలిపిన రంగు పూస్తే, సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని తిరిగి రాయిగా మారుతూ ఆ రంగును తనలో బంధించేస్తుంది. అందుకే పని పై నుంచి కిందికి అడ్డ పట్టీలుగా సాగేది. ఎంత మేర ఆరకముందే పూర్తిచేయగలరో అంత మేరకే గార వేసుకునేవాళ్ళు. ఏటవాలు వెలుతురులో చూస్తే పట్టీకి పట్టీకి మధ్య అతుకు, గీతల కోసం దారం లాగి కొట్టిన గుర్తు, వృత్తం గీయడానికి గుచ్చిన మొన తాలూకు రంధ్రం ఇప్పటికీ కనబడతాయి. నాకైతే దేవతల ముఖాలకంటె ఈ గుర్తులే ఎక్కువ ఇష్టం.

ఈ పనిని మధ్యలో ఆగిపోయిన స్థితిలో చూడగలిగే చోటు కూడా ఒకటి ఉంది. పాంపేయిలో పవిత్ర ప్రేమికుల పేరుతో పిలిచే ఇళ్ళ సముదాయంలోని ఒక ఇంట్లో, క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైన వేళ చిత్రకారులు పనిలో ఉన్నారు. రంగు గిన్నెలు, సున్నం, పరికరాలు వదిలేసి పారిపోయారు. గోడ పైభాగం పూర్తయింది. నడిమి భాగంలో కొన్ని పలకలకు రంగు నిండింది. ముఖ్యమైన బొమ్మ రావలసిన చోట ప్రాథమిక రేఖలు మాత్రమే ఉన్నాయి. గోడంతా ముగించాక చివరగా మధ్యలో తాజా గార వేసి ఆ బొమ్మను గీసేవాళ్ళన్న సంగతి దీనివల్ల కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. నేపథ్యాలు నింపేవాళ్ళు, సన్నని అలంకారాలు దిద్దేవాళ్ళు, బొమ్మలు గీసేవాళ్ళు ఒకే గదిలో ఒకే ఆరిపోతున్న గారతో పోటీపడుతూ పనిచేసే బృందం అది. బూర్బన్ రాజు మనుషులు కోసుకుపోయింది ఆ బృందంలో ఒక్కరి వాటా మాత్రమే.

ఆగస్ట్ మావు అనే జర్మన్ పండితుడు 1882లో పాంపేయి గోడలను నాలుగు శైలులుగా విభజించాడు. ఇప్పటికీ అందరూ వాడేది ఆ విభజననే. గారను పాలరాతి దిమ్మెల ఆకారంలో ఉబ్బెత్తుగా మలచి రంగు వేయడం మొదటిది. గోడ వెనుక స్తంభాలు, ప్రాకారాలు, ఆకాశం ఉన్నట్టు భ్రమింపజేయడం రెండవది. ఆ భ్రమను వదిలేసి చదునైన రంగుమీద గడకర్రంత సన్నని స్తంభాలను, నడుమ ఒక చిన్న దృశ్యాన్ని నిలపడం మూడవది. అన్నింటినీ కలిపి ఆడుకోవడం నాలుగవది. మూడవ శైలి మొలకెత్తుతున్న కాలంలోనే విట్రూవియస్ దానిమీద విరుచుకుపడ్డాడు. స్తంభానికి బదులు రెల్లుకాడ ఎలా నిలుస్తుంది, దీపపు సెమ్మె పైకప్పును ఎలా మోస్తుంది, లేనివీ ఉండలేనివీ గోడమీద ఎందుకు అని ఆయన కోపం. విమర్శగా అది తప్పే అయినా సాక్ష్యంగా చాలా విలువైనది, ఎందుకంటే ఆయన తగువు పెట్టుకున్నది గోడ మొత్తంతో. మధ్యలోని కథాచిత్రం బాగుందా లేదా అన్నది ఆయన ప్రశ్నే కాదు.

శైలులు కాలానుగుణంగా ఒకదాన్నొకటి తరిమేశాయని అనుకోవడం కూడా సరికాదు. పాంపేయిలోని ఫాన్ ఇల్లు దాదాపు మూడు వేల చదరపు మీటర్ల భవనం. దాని యజమానులు క్రీస్తు పూర్వం రెండో శతాబ్దపు మొదటి శైలి గోడలను 79వ సంవత్సరం దాకా, అంటే ఊరంతా మూడుసార్లు వేషం మార్చినా, భద్రంగా కాపాడుకున్నారు. పాత గోడ ఉండటమే ఆ ఇంటికి హోదా. బొమ్మ ఒక్కటి కూడా లేని ఆ గోడలను కోసుకుపోవాలని ఎవరికీ తోచకపోవడం మన అదృష్టం.

ఇక వెలుతురు. బోస్కోరియాలే దగ్గర పబ్లియస్ ఫానియస్ సినిస్టర్ పేరుతో పిలిచే విల్లా పడకగది గోడలను న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం 1903లో కొన్నది. అక్కడ వాటిని గదిగానే నిలబెట్టారు. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న మేడలు, వరండాలు, గుండ్రని మండపం, గుహ. ఇలాంటి రెండవ శైలి గదుల్లో చిత్రకారులు గీసిన నీడలు తరచుగా గది అసలు వెలుతురు వచ్చే దిక్కును బట్టి పడతాయి. అంటే గుమ్మం ఎక్కడుందో తెలిస్తే తప్ప ఆ నీడ నిజంగా ఎంత తెలివైనదో అర్థం కాదు. 2024లో పాంపేయి తొమ్మిదో ప్రాంతంలో బయటపడిన నల్లటి భోజనశాల దీనికి మరో కోణం. సుమారు 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పున్న ఆ గది గోడలమీద ట్రాయ్ యుద్ధ కథలోని హెలెన్, పారిస్, అపోలో, కసాండ్రా నిలబడి ఉంటారు. గోడలు నల్లగా ఉండటానికి కారణం రాత్రి దీపాల మసి కనబడకుండా ఉండటమేనని తవ్వకాల అధికారులు చెప్పారు. కదిలే దీపపు వెలుగులో నల్లని నేపథ్యం మాయమై ఆ మనుషులు మాత్రమే తేలి కనబడే అనుభవాన్ని విద్యుద్దీపాల కింద వేలాడే పలక ఎన్నటికీ ఇవ్వలేదు.

రంగు విషయంలోనూ గది యజమానిని పక్కన పెట్టలేము. ఖరీదైన రంగులను చిత్రకారుడు తెచ్చేవాడు కాదు, పని చేయించుకునేవాడే కొనివ్వాలి అని మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆయన ఇచ్చిన ఆ రంగుల పట్టికలో ఇంగిలీకం ఉంది, మన దేశం నుంచి ఓడల్లో వెళ్ళిన నీలిమందూ ఉంది. విట్రూవియస్ చెప్పిన ఫబేరియస్ కథ ఇక్కడ గుర్తుచేయాలి. ఈ గుమాస్తా రోములోని అవెంటైన్ కొండమీది తన ఇంటి నడిమి తోట చుట్టూ ఉన్న గోడలన్నింటికీ ఆడంబరంగా ఇంగిలీకం పూయించాడు. ఎండ తగిలి ముప్పై రోజుల్లో అది మచ్చలు మచ్చలుగా నల్లబడితే మళ్ళీ వేరే రంగులకు గుత్త ఇచ్చుకోవలసి వచ్చింది. మూసి ఉన్న గదిలో నిలిచే రంగు ఆరుబయట నిలవదు. కొత్త డబ్బు చేరినవాళ్ళకు ఆ సంగతి మేస్త్రీ చెప్పినా ఎక్కదు.

గది మొత్తాన్ని చదవడం ఎంత ముఖ్యమో చూపడానికి వెట్టీల ఇంటిని మించిన చోటు లేదు. బానిసత్వం నుంచి విముక్తి పొంది వ్యాపారంలో పైకొచ్చిన ఆలస్ వెట్టియస్ కన్వైవా, ఆలస్ వెట్టియస్ రెస్టిట్యూటస్‌లది ఆ ఇల్లు. దానిని 1894లో తవ్వడం మొదలుపెట్టేనాటికి బొమ్మలు కోసే అలవాటు దాదాపు పోయింది; 1863 నుంచి తవ్వకాలను నడిపిన జుసెప్పే ఫియొరెల్లి కాలంలోనే కట్టడాలను ఉన్నచోట కాపాడాలన్న పద్ధతి బలపడింది. అందువల్ల అక్కడి చిత్రాలు ఎక్కువగా తమ గోడల మీదే ఉన్నాయి. ఇరవై ఏళ్ళపాటు సాగిన మరమ్మతుల తరువాత 2023 జనవరిలో ఇల్లు మళ్ళీ తెరిచారు. గుమ్మంలో కనబడే సంతాన దేవుడు ప్రియాపస్ బొమ్మ దగ్గరే సెల్ఫీలు దిగి వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే జాలేస్తుంది, ఎందుకంటే అసలు సంభాషణ లోపలి గదుల్లో జరుగుతోంది.

అందులో ఒక గదిలో మూడు గోడల మీద మూడు కథలున్నాయి. ఒకదానిలో దేవతల రాణిని కోరిన ఇక్సియాన్‌ను చక్రానికి కట్టారు, ఆ చక్రం చేసిన కమ్మరి దేవుడు హెఫైస్టస్ పక్కనే ఉన్నాడు. రెండోదానిలో ఎద్దును మోహించిన రాణి పాసిఫయేకు శిల్పి డెడలస్ తాను చేసిన కొయ్య ఆవును చూపిస్తున్నాడు. మూడోదానిలో ప్రియుడు వదిలేసి పోగా నిద్రలో ఉన్న అరియాడ్నేను డయోనిసస్ దేవుడు కనుగొంటున్నాడు. ఈ అరియాడ్నే ఆ పాసిఫయే కూతురే. తగని కోరికకు శిక్ష ఒక వైపు, తగని కోరికకు సాధనం ఇంకో వైపు, కోరకుండానే దక్కిన దైవప్రేమ మరో వైపు. రెండు బొమ్మల్లో చేతిపనివాళ్ళు, రెండు బొమ్మల్లో తల్లీకూతుళ్ళు. పక్క గదిలో పసివాడైన హెరాక్లెస్ పాములను నులమడం, పెంథియస్ రాజును స్త్రీలు చంపడం, డిర్సీని ఎద్దుకు కట్టడం ఉన్నాయి. మూడూ థీబ్స్ నగరపు కథలే, మూడింటిలోనూ గెలిచేది దేవతల రాజు జ్యూస్ కొడుకులే. ఇది కేవలం నమూనా పుస్తకాల నుంచి దొరికినవి దొరికినట్టు అతికించిన పని అనేవాళ్ళున్నారు. ఒక గదిలో అయితే కాకతాళీయం అని ఒప్పుకోవచ్చు. పక్కపక్క గదుల్లో ఇంత పొందిక కుదిరితే, ఆ ఇంట్లో ఎవరో కూర్చుని ఆలోచించారని అనుకోవడమే తేలిక. ఇదే ఇల్లు 1750లో బయటపడి ఉంటే ఈ ఆరు బొమ్మలూ ఆరు చట్రాల్లోకి వెళ్ళేవి, తల్లీకూతుళ్ళు ఏ వరసలో వేలాడేవారో ఎవరూ చెప్పలేరు.

మ్యూజియంలో గదిని కాపాడటం అసాధ్యం కాదనడానికి రోములోని పలాజ్జో మాస్సిమో సాక్ష్యం. అగస్టస్ చక్రవర్తి భార్య లివియాకు ప్రీమా పోర్తా దగ్గర ఉన్న విల్లాలో సగం భూమిలోకి దిగిన ఒక గది 1863లో దొరికింది. 1950వ దశకం మొదట్లో దాని నాలుగు గోడలనూ విడదీసి తీసుకొచ్చి, ఇప్పుడు గదిగానే నిలబెట్టి చూపిస్తున్నారు. ఆ నలువైపులా తోట తప్ప మరొకటి లేదు. ముందు తడిక, దాని వెనుక పొట్టి రాతి పిట్టగోడ, ఆ వెనుక దానిమ్మ, క్విన్స్ చెట్లు, గులాబీలు, గసగసాల పూలు, కొమ్మకొమ్మకూ పక్షులు. దూరం పోయేకొద్దీ ఆకులు మసకబారి నీలంలో కలిసిపోతాయి. మూలల్లో స్తంభం లేదు, అంచు లేదు. వసంతంలో పూసేవి, శరత్తులో పండేవి ఒకే సమయంలో కనబడతాయి. గది మధ్యలో నిలబడి చుట్టూ తిరిగినప్పుడు తప్ప ఈ తోటకు ఋతువు లేదన్న సంగతి పట్టుబడదు. ఒక్క గోడనే చూపితే అది చక్కని వృక్షశాస్త్ర చిత్రం అనిపించుకునేది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దానిని దాటవేయడం న్యాయం కాదు. గోడ చిత్రాన్ని తక్కువగా చూసినవాళ్ళు మొదట రోమన్లే. విడి చెక్క పలకలమీద గీసినవాళ్ళకే నిజమైన కీర్తి అని ప్లినీ స్పష్టంగా రాశాడు. 301లో డయోక్లీషియన్ చక్రవర్తి ప్రకటించిన ధరల శాసనంలో ఆకృతులు గీసే చిత్రకారుడికి రోజుకు 150 డెనారీలు గరిష్ఠ కూలి, గోడలకు రంగు వేసే చిత్రకారుడికి అందులో సగం, 75. అలాంటప్పుడు బూర్బన్ రాజు చేసినదీ రోమన్ అభిరుచికి అనుగుణమే కదా అనవచ్చు. నా జవాబు ఏమిటంటే, పండితుడు పుస్తకంలో మెచ్చుకున్నది వేరు, జనం డబ్బు పెట్టి చేయించుకున్నది వేరు. పాంపేయిలో ధనికుల భోజనశాలలకే కాదు, బట్టలు ఉతికే కర్మాగారాలకు, మద్యం అమ్మే అంగళ్ళకు కూడా చిత్రాలున్నాయి. ఉన్ని తొక్కి ఉతికే పనివాళ్ళు తమ పనినే గోడలమీద గీయించుకున్నారు. 59లో గ్లాడియేటర్ల పోటీలు జరిగే క్రీడారంగం దగ్గర పాంపేయి, నుచేరియా ఊళ్ళవాళ్ళు కొట్టుకున్న దొమ్మీని ఒకరు తమ ఇంటి గోడమీద వేయించుకున్నారు. దానికి ఏ గ్రీకు మూలం ఉంటుంది? పాంపేయి గోడలమీద తన పేరు రాసుకున్న చిత్రకారుడు ఒక్కడే ఉన్నాడు, లూసియస్. ఆ ఇంట్లో అతని పేరు పక్కనున్న ప్రేమికులు పిరమస్, థిస్బీల బొమ్మ నిజానికి చాలా నాసిరకం. కీర్తి కోసం ఆరాటపడినవాడికి చెయ్యి తిరగలేదు, చెయ్యి తిరిగినవాళ్ళు సంతకం చేయలేదు.

రంగురాళ్ళ ముక్కలు పేర్చి చేసిన మొజాయిక్‌ల దగ్గరికి వస్తే అన్యాయం మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ఎందుకంటే నేలను తెచ్చి గోడకు తగిలించాము. ఫాన్ ఇంట్లో 1831లో దొరికిన అలెగ్జాండర్ మొజాయిక్ 5.82 మీటర్ల వెడల్పు, 3.13 మీటర్ల ఎత్తు, అందులో రాతి ముక్కలు 15 లక్షలకు తక్కువ ఉండవని అంచనా. తెలుపు, నలుపు, ఎరుపు, పసుపు ఛాయలతోనే యుద్ధం మొత్తం నడుస్తుంది. తొక్కిసలాటలో కింద పడ్డ ఒక సైనికుడి ముఖం డాలులో ప్రతిబింబించడం దాకా ఉంది. నేపుల్స్ మ్యూజియంలో అది నిలువుగా, తెరమీది బొమ్మలా నిలిచింది. అది ఉండవలసిన చోటు మాత్రం రెండు తోటల నడుమ ఉన్న విడిది గది నేల. గుమ్మంలో స్తంభాల మధ్య నైలు నది జంతువుల పట్టీ, దానిని దాటితే కాళ్ళకింద పర్షియా చక్రవర్తి డేరియస్ పరాజయం. దానిమీద నడవడానికి సాహసించేవారా, లేక గట్టున నిలబడి వంగి చూసేవారా అన్న ప్రశ్న గోడమీద చూస్తే పుట్టనే పుట్టదు. 2005లో పాంపేయిలో ఆ గది నేలమీద నకలు పరిచారు. నకలు అయినా, దాని ముందు నిలబడి కిందికి చూసినప్పుడు ఈటెల అడవి మన వైపే వాలుతున్నట్టుండటం అసలుకంటె అక్కడే బాగా తెలుస్తుంది.

మామూలు భోజనశాల నేల కూడా ఇలాగే మాట్లాడుతుంది. మూడు వైపులా పడకల్లాంటి బల్లలు వేసే చోట సాదా రాళ్ళు, నడిమి భాగంలో, గుమ్మం వైపు ఖాళీగా ఉండే చోట మాత్రమే బొమ్మలు. నేలను చూసి ఎవరు ఎక్కడ పడుకుని తిన్నారో చెప్పవచ్చు. పెర్గమన్ నగరపు సోసస్ పేరుతో ప్లినీ చెప్పిన ఊడ్వని గది అనే నమూనాను హెరాక్లిటస్ అనేవాడు చేసి సంతకం పెట్టాడు; రోములో 1833లో దొరికింది, ఇప్పుడు వాటికన్‌లో ఉంది. చేప ముళ్ళు, ద్రాక్ష కాడలు, పీత కాళ్ళు, వాల్‌నట్ కొరుకుతున్న చిట్టెలుక, ఒక్కొక్కదానికీ దాని నీడ. విందు తరువాతి నేలను ఆ నేలమీదే పొదిగిన ఈ హాస్యం భోజనశాలలో తప్ప పండదు. సిసిలీలోని పియాజ్జా అర్మెరినా దగ్గర నాలుగో శతాబ్దపు విల్లాలో అరవై మీటర్లకు పైగా సాగే నడవా ఉంది. దాని నేలమీద రెండు కొసల నుంచీ జంతువులను పట్టి మధ్యలోని ఓడలకు ఎక్కిస్తూ ఉంటారు. ఒక కొసలో ఏనుగు, పులి పక్కన దంతం పట్టుకుని కూర్చున్న స్త్రీని చాలామంది పండితులు భారతదేశానికి ప్రతిరూపంగా భావిస్తారు. ఆఫ్రికాలో పులులు లేవు కాబట్టి ఆ ఊహ నాకు సబబుగానే తోస్తుంది. నడిచేవాడి అడుగులే ఆ సముద్రయానాన్ని నడిపిస్తాయి.

ఉన్నచోటే వదిలేయాలన్న వాదానికీ హద్దు ఉంది. పాంపేయిలో తవ్వి, కప్పు లేకుండా వదిలేసిన చిత్రాలు ఎన్నో పూర్తిగా చెరిగిపోయాయి. 1943లో బాంబులు పడ్డాయి. 2010లో స్కోలా ఆర్మతురారం అనే భవనం కూలిపోయింది. బూర్బన్ కోత లేకుంటే కొన్ని చిత్రాలు ఈనాడు ఉండేవే కావు. టర్కీలో జ్యూగ్మా పట్టణం 2000లో బిరెచిక్ ఆనకట్ట నీటిలో మునుగుతున్నప్పుడు మొజాయిక్‌లను ఎత్తి తీసుకుపోవడం తప్ప దారి లేదు. అవి ఇప్పుడు గాజియాంతెప్‌లో 2011లో తెరిచిన మ్యూజియంలో ఉన్నాయి, చాలా చోట్ల గదుల అమరికతో సహా. కాబట్టి తగువు తీసుకురావడం గురించి కాదు, తెచ్చాక ఒక గదికి చెందినవాటిని చెదరగొట్టడం గురించి. నేపుల్స్‌లాంటి చోట ఒకే గోడ నుంచి వచ్చిన ముక్కలను పౌరాణిక కథలు ఒక వైపు, ప్రకృతి దృశ్యాలు ఒక వైపు, పండ్లూ పక్షులూ ఒక వైపు అని విడగొట్టి పెట్టడాన్ని సమర్థించే కారణం నాకు కనబడదు. కనీసం ప్రతి ముక్క కింద ఏ ఇల్లు, ఏ గది, ఏ గోడ, ఎదురుగా ఏముండేది అని ఒక చిన్న పటం వేయవచ్చు.

చెదరగొట్టడం ఎంత దూరం పోగలదో ఇప్పటి టర్కీలో ఉన్న పురాతన నగరం ఆంటియోక్ చెబుతుంది. 1932 నుంచి 1939 దాకా అక్కడ తవ్విన ఇళ్ళ నేలలను ఎత్తి, ఖర్చు భరించిన సంస్థల మధ్య పంచుకున్నారు. మధ్యలో ఏట్రియం, అంటే కప్పు తెరిచిన నడిమి చావడి, ఉన్న ఒక ఇంటి భోజనశాల నేలమీద రాకుమారుడు పారిస్ తీర్పు చెప్పే దృశ్యం పారిస్ నగరంలోని లూవ్ర్‌కు చేరింది. హెరాక్లెస్, డయోనిసస్ తాగుడు పందెం వేసుకునే దృశ్యం అమెరికాలోని వూస్టర్ మ్యూజియంకు చేరింది. తక్కిన ముక్కలు ఇంకా వేరే చోట్లకు పోయాయి. విందుకు వచ్చిన అతిథి గుమ్మం దాటగానే ఎదుర్కొనేది ఆ తాగుడు పందెమే, అందులో గెలిచినది దేవుడు, తూలుతున్నవాడు వీరుడు. 2000లో వూస్టర్‌లో జరిగిన ఆంటియోక్ ప్రదర్శన కోసం ఆ గది నేల ముక్కలను మళ్ళీ ఒక్కచోట చేర్చారు. ప్రదర్శన ముగిశాక అవి ఎవరి మ్యూజియంకు వాళ్ళవి తిరిగి వెళ్ళిపోయాయి.